నాన్న కూర్చున్న హోటల్

మా నాన్న 32 ఏళ్ళు హోటల్లో పనిచేశాడు. ఆ 32 ఏళ్ళలో ఒక్కసారి కూడా హోటల్లో కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకొకరు తెచ్చిపెడితే తినలేదు.

మాది తెనాలి. ఆంధ్రా ప్యారిస్ అని గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఒక టిఫిన్, మీల్స్ హోటల్లో నాన్న సర్వర్. తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్తే రాత్రి పదింటికి వచ్చేవాడు. చొక్కా నుంచి సాంబారు వాసన, కాళ్ళకి వాపు. అమ్మ బకెట్లో వేడినీళ్ళు, ఉప్పు వేసి ఇస్తే అందులో కాళ్ళు పెట్టుకుని అన్నం తినేవాడు. బంధువుల పెళ్ళిళ్ళకి వెళ్ళినా అంతే. బంతిలో కూర్చోడు. గరిట అందుకుంటాడు. "కూర్చుంటే నాకు తోచదురా" అనేవాడు.

హోటల్లో అందరూ ఆయన్ని "బాయ్" అనే పిలిచేవాళ్ళు. పాతికేళ్ళప్పుడు బాయ్, యాభై దాటాక కూడా బాయే. నాకంటే చిన్న కుర్రాళ్ళు వేలు ఎత్తి "బాయ్, వాటర్!" అని అరుస్తుంటే, ఆయన "వస్తన్నా సార్" అంటూ వెళ్ళడం చిన్నప్పుడు నేను చాలాసార్లు చూశాను.

ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఉన్నప్పుడు ఒక సంగతి జరిగింది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా క్లాస్‌మేట్ అక్క పెళ్ళికి తెనాలి వచ్చాం, నలుగురం. పొద్దున్నే ఆకలేస్తోందని వాళ్ళు ఎదురుగా కనిపించిన హోటల్లోకి దూరారు. అది నాన్న పనిచేసే హోటలే. వద్దు, ఇంకో చోటుకి వెళ్దాం అన్నాను. వినలేదు. కాలేజీ ఫారంలో 'తండ్రి వృత్తి' అన్న చోట 'ప్రైవేట్ ఎంప్లాయీ' అని రాసినవాణ్ణి నేను. హాస్టల్లో ఎవరైనా అడిగితే "హోటల్ లైన్‌లో ఉన్నారు" అనేవాణ్ణి. వినేవాళ్ళు ఓనర్ అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చాను.

నాన్న మా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఒక్క క్షణం నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకి అర్థమైపోయింది.

"ఏం కావాలి సార్?" అన్నాడు.

"నాలుగు పెసరట్టు ఉప్మా" అన్నాడు నా ఫ్రెండ్. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. తెచ్చాడు, పెట్టాడు, బిల్లు ఇచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫ్రాన్స్‌లో ఒక పెద్ద హోటల్లో తక్కువ ఖర్చుతో ఎలా తినొచ్చో రాద్దామని కూర్చున్నాను. రాయబోతే ముందు ఇదే గుర్తొచ్చింది.

లియాన్‌లో మా ముగ్గురం

కంపెనీ నన్ను ఏడాదిన్నర ప్రాజెక్టు మీద ఫ్రాన్స్‌లోని లియాన్ పంపింది. రోన్, సోన్ అనే రెండు నదులు కలిసే ఊరు. సినిమాని మొదటిసారి తెర మీద చూపించిన లూమియేర్ సోదరులు ఈ ఊళ్ళోనే పెరిగారు. ఫ్రాన్స్‌లో తిండికి రాజధాని అంటే అందరూ లియాన్ పేరే చెప్తారు. అలాంటి ఊళ్ళో మొదటి ఆరు నెలలూ నేను తిన్నది రైస్ కుక్కర్లో అన్నం, అమ్మ పంపిన ఆవకాయ. యూరోల్లో జీతం అనగానే మనవాళ్ళు ఏదో ఊహించుకుంటారుగానీ, ఇంటి అద్దె, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ, ఇంటికి పంపేది పోగా మిగిలేది లెక్కపెట్టుకుని ఖర్చుపెట్టుకోవాల్సినంతే.

నాన్న పని మానేశాక, వేసవిలో అమ్మనీ నాన్ననీ మూడు వారాలకి రప్పించాను. "ఆంధ్రా ప్యారిస్ నుంచి అసలు ప్యారిస్‌కి పోతన్నాం" అని అమ్మ వీధంతా చెప్పుకుంది. తీరా వచ్చింది లియాన్‌కి అని తెలిశాక "అయితే ఇదేమిట్రా, గుంటూరా?" అంది.

వచ్చిన రోజు నుంచీ అమ్మ చేసే పని ఒకటే. ప్రతి ధరనీ వందతో గుణించడం. "బ్రెడ్డు ముక్క నూటపాతిక రూపాయలా? కాఫీ రెండొందలా?" బయటికి వెళ్తే పులిహోర డబ్బా సంచిలో ఉండాల్సిందే. పార్కు బెంచీ మీద, నది ఒడ్డున, కొండ మీది ఫుర్వియేర్ చర్చి మెట్ల మీద, ఎక్కడ చూసినా మా పులిహోరే. నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్కపూట, ఒకే ఒక్కపూట, నాన్నని ఒక పెద్ద హోటల్లో కూర్చోబెట్టి తినిపించాలని మనసులో గట్టిగా అనుకున్నాను. దానికి నేను పెట్టుకున్న హద్దు ముగ్గురికీ కలిపి 100 యూరోలు. అంటే దాదాపు పదివేల రూపాయలు. నాన్న చివరి నెల జీతం 12 వేలు.

బ్రాస్‌రీ అంటే

ఫ్రాన్స్‌లో తినే చోట్లు చాలా రకాలు. కెఫే అంటే కాఫీ, చిరుతిండి. లియాన్‌లో 'బూషోన్' అని చిన్న చిన్న భోజనశాలలు ఉంటాయి, మన మెస్‌ల లాంటివి. నక్షత్రాల రెస్టారెంట్లు వేరు, అటువైపు చూడక్కర్లేదు. వీటి మధ్యలో ఉండేది బ్రాస్‌రీ.

ఆ మాటకి అసలు అర్థం బీరు తయారుచేసే చోటు. జర్మనీ సరిహద్దులో ఉన్న అల్సాస్ ప్రాంతం వాళ్ళు బీరు తయారీలో దిట్టలు. వాళ్ళు వేరే ఊళ్ళకి వచ్చి, బీరుతోపాటు తమ ఊరి వంట కూడా పెట్టడం మొదలుపెట్టారు. ప్యారిస్‌లో 1864లో మొదలైన బోఫింజే, 1880లో మొదలైన లిప్ అలా పుట్టినవే. తర్వాత అవే పెద్ద పెద్ద హాళ్ళు, అద్దాలు, షాండ్లియర్లతో మహా వైభవంగా తయారయ్యాయి. 1927లో తెరిచిన ప్యారిస్‌లోని లా కూపోల్‌లో అయితే మన దేశం పేరు చెప్పి చేసే గొర్రె మాంసం కూర పెద్ద ఫేమస్.

బ్రాస్‌రీ ఎంత ఆడంబరంగా ఉన్నా, అది మామూలు జనం కోసం పెట్టిన చోటు. సూటూబూటూ అక్కర్లేదు. ఒక టేబుల్ మీద లాయరు, పక్క టేబుల్ మీద రైలు దిగి వచ్చిన ప్రయాణికుడు. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, ఫ్రాన్స్‌లో చాలా రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండున్నరకి వంటగది మూసేస్తే మళ్ళీ రాత్రి ఏడింటికే తెరుస్తాయి. పెద్ద బ్రాస్‌రీల్లో చాలావాటిల్లో రోజంతా వడ్డన నడుస్తూనే ఉంటుంది.

లియాన్‌లో అలాంటిదే బ్రాస్‌రీ జార్జ్. అల్సాస్ నుంచి వచ్చిన జార్జ్ హోఫర్ అనే ఆయన 1836లో పెట్టాడు. దాని పక్కనున్న పెరాష్ రైల్వే స్టేషన్ 1857లో వచ్చింది. అంటే స్టేషన్ కంటే హోటలే పాతది! లోపల సుమారు 700 చదరపు మీటర్ల హాలు. అంత హాలుకీ మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. 1986లో ఒకటిన్నర టన్నుల షూక్రూట్ వండి, 1996లో 34 మీటర్ల పొడవు ఐస్‌క్రీమ్ ఆమ్లెట్ చేసి రికార్డులకెక్కిన చోటు. ఆఫీసుకి వెళ్తూ వస్తూ చాలాసార్లు బయటినుంచి చూశాను. లోపలికి వెళ్ళే ధైర్యం చాల్లేదు.

వంద యూరోల లెక్క

నాకు దారి చూపించింది మా ఆఫీసులో పనిచేసే ఒక లియాన్ పెద్దాయన. ఆయన చెప్పినవీ, నేను తర్వాత నేర్చుకున్నవీ మీకూ పనికొస్తాయి.

మొదటిది, రాత్రి వద్దు, మధ్యాహ్నం వెళ్ళాలి. అదీ సోమవారం నుంచి శుక్రవారం లోపు. ఆ సమయంలో చాలా చోట్ల 'ఫార్మ్యూల్' అని ఉంటుంది. స్టార్టరూ మెయినూ, లేకపోతే మెయినూ స్వీటూ కలిపి ఒకే ధర. 'ప్లా ద్యు జూర్' అంటే ఆ రోజు స్పెషల్. అదే వంటగది, అదే చెయ్యి, ధర మాత్రం తక్కువ. మెనూ, ధరలు బయట గోడ మీద పెట్టాలని అక్కడ చట్టం ఉంది. లోపలికి వెళ్ళకముందే నిలబడి లెక్క చూసుకోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. అది అక్కడ అందరూ చేసే పనే.

రెండోది, నీళ్ళు. ఉత్త "వాటర్" అన్నారనుకోండి, సీసా నీళ్ళు తెచ్చి బిల్లులో వేస్తారు. "కారాఫ్ దో" అని అడగాలి. అంటే జగ్గుతో కుళాయి నీళ్ళు. అవి ఉచితం. ఆ సంగతి కస్టమర్లకి తెలిసేలా రాసిపెట్టాలని 2022 నుంచి చట్టమే ఉంది. భోజనంతోపాటు బ్రెడ్డు కూడా ఉచితం. బుట్ట ఖాళీ అయితే మళ్ళీ తెస్తారు. బిల్లు పెరిగేదంతా తాగేవాటి దగ్గరే. మా ఇంట్లో ఎవరూ తాగరు కాబట్టి మాకు ఆ గొడవ లేదు.

మూడోది, మెనూలో ఉన్న ధరలోనే పన్ను, సర్వీసు కలిసి ఉంటాయి. చివర్లో అదనంగా ఏమీ పడదు. టిప్పు మన ఇష్టం.

నాలుగోది మనవాళ్ళకి ముఖ్యం. ఏం తింటున్నామో ముందే తెలుసుకోవాలి. షూక్రూట్ అంటే పులియబెట్టిన క్యాబేజీ, దాని మీద పంది మాంసం సాసేజ్‌లు. 'తార్తార్' అంటే పచ్చి గొడ్డుమాంసం. 'ఆందుయెట్' అంటే పంది పేగులతో చేసేది. వచ్చిన కొత్తలో పేరు ముద్దుగా ఉందని దాన్నే ఆర్డర్ చేసి, వాసనకే లేచి బయటికొచ్చాను. ఉల్లిపాయ సూప్ అన్నా గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు. అడిగితే ఓపిగ్గా చెప్తారు.

అయిదోది, డబ్బుతో పని లేనిది. లోపలికి వెళ్ళగానే "బోంజూర్" అనాలి. మన అవసరం ఆ తర్వాత. బోంజూర్ అనకుండా ఆర్డర్ చెప్తే ఎంత పెద్దమనిషైనా మర్యాద తెలియనివాడే.

ఆ పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పాడు. పాత సినిమాల్లో చూసి సర్వర్‌ని "గార్సాన్" అని పిలవొద్దని. ఎందుకని అడిగితే, ఆ మాటకి అర్థం కుర్రాడు, బాయ్ అట. ఒకప్పుడు అలాగే పిలిచేవాళ్ళు, ఇప్పుడు అది అవమానం. "మెస్యూ" అనాలి. అంటే అయ్యగారూ అని. ఆ మాట విన్నాక కాసేపు నాకు కోడ్ మీద దృష్టి నిలవలేదు.

ఆ మధ్యాహ్నం

ఒక బుధవారం, హాఫ్ డే లీవు పెట్టాను. ఆన్‌లైన్‌లో టేబుల్ బుక్ చేశాను, దానికి డబ్బులేమీ లేవు. అమ్మకీ నాన్నకీ "స్టేషన్ చూద్దాం పదండి" అని చెప్పి విల్లర్‌బాన్‌లో మెట్రో ఎక్కించి పెరాష్‌లో దించాను. పులిహోర డబ్బా అమ్మ సంచిలో ఉంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే నాన్న ఆగిపోయాడు. రంగులు వేసిన ఎత్తయిన కప్పు, వరసలు వరసలుగా టేబుళ్ళు, ఎర్రటి సోఫాలు. నల్ల కోటు, తెల్ల ఏప్రన్ వేసుకున్న సర్వర్లు వాటి మధ్య చకచకా తిరుగుతున్నారు. వందలమంది ఒకేసారి మాట్లాడుతున్న హోరు.

"ఒరేయ్, మనం ఇక్కడికెందుకు?" అన్నాడు.

"తినడానికి."

"మీరు తినండి. నేను బయట కూర్చుంటా."

"ఏవండీ, వాడు డబ్బులు కట్టేసినట్టున్నాడు" అంది అమ్మ. కట్టలేదు. కానీ నేను కాదనలేదు. కట్టేసిన డబ్బు వృథా కావడం మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. నాన్న కూర్చున్నాడు. కుర్చీ అంచు మీద, ఏ క్షణమైనా లేచేలా.

మా టేబుల్‌కి వచ్చిన సర్వర్‌కి యాభై అయిదేళ్ళు ఉంటాయి. నెరిసిన జుట్టు, ముక్కు మీద కళ్ళజోడు. "బోంజూర్ మదామ్, బోంజూర్ మెస్యూ" అన్నాడు, ముందు అమ్మతో, తర్వాత నాన్నతో, ఆ తర్వాత నాతో. నాన్న గబుక్కున సగం లేచి నమస్కారం పెట్టాడు. ఆయన ఏమాత్రం తడబడకుండా తల వంచి తిరిగి నమస్కారం పెట్టాడు.

అమ్మకి లియాన్ సలాడ్, పంది ముక్కలు లేకుండా, తర్వాత చేప. నాన్నకి ఈ ఊరి ప్రత్యేకమైన కెనెల్. పైక్ అనే మంచినీటి చేపని మెత్తగా నూరి, వెన్న, గుడ్లు, పిండి కలిపి చేసిన పెద్ద ఉండ లాంటిది, రొయ్యల రుచి ఉన్న సాస్‌లో పొంగుతూ వస్తుంది. నాకు ఆ రోజు స్పెషల్, కోడి. ఒక కారాఫ్ దో.

సలాడ్ మీది గుడ్డుని అమ్మ చెంచాతో తాకగానే పచ్చసొన కారిపోయింది. "గుడ్డు ఉడకలేదురా, వెనక్కి పంపు" అంది. అది అలాగే ఉండాలని చెప్తే నమ్మలేదు. రుచి చూశాక మాత్రం గిన్నె ఇవ్వలేదు. నాన్న కెనెల్‌ని చెంచాతో కోసి నోట్లో పెట్టుకున్నాడు. "ఇడ్లీ చేపల పులుసులో పడ్డట్టుంది" అన్నాడు. కాసేపాగి, "బాగుంది" అన్నాడు.

కానీ ఆయన చూపు ప్లేటు మీద లేదు. సర్వర్ల మీద ఉంది.

"చూశావా, ఒక్కడు కూడా ఖాళీ చేతుల్తో తిరగట్లేదు. లోపలికి పోయేటప్పుడు ఎంగిలి ప్లేట్లు, వచ్చేటప్పుడు వేడి ప్లేట్లు. అదీ పనంటే." ఇంకాసేపటికి, "మన టేబుల్ ఆయనకి ఈ వరసంతా ఇచ్చారు. పక్క వరస ఆయన ఇటు రాడు. మేమూ అట్టానే పంచుకునేవాళ్ళం." మళ్ళీ, "ఎడమ చేతి మీద మూడు పెట్టాడు చూడు. నేను నాలుగు పెట్టేవాణ్ణి. పెసరట్టు ప్లేట్లు తేలిక అనుకో."

నాన్న ఇంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన పని గురించి నేనెప్పుడూ అడగలేదు మరి.

ఉన్నట్టుండి హాల్లో లైట్లన్నీ తగ్గిపోయాయి. నాన్న లేచి నిలబడ్డాడు. "కరెంటు పోయిందేంట్రా? జనరేటర్ లేదా?" అంతలో పాతకాలం సంగీత యంత్రం మోగింది. కొవ్వొత్తి వెలిగించిన ప్లేటు పట్టుకుని ఒక సర్వర్ దూరంగా ఉన్న టేబుల్ దగ్గరికి నడిచాడు. ఎవరిదో పుట్టినరోజు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇక్కడ అది ఆనవాయితీ. అమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

చివరికి స్వీటు. ముగ్గురికీ కలిపి ఒకటే చెప్పాం, రికార్డు కొట్టిన ఆ ఐస్‌క్రీమ్ ఆమ్లెట్. లోపల ఐస్‌క్రీమ్, పైన గుడ్డు తెల్లసొన నురగ. దాని మీద మద్యం పోసి మన ఎదుటే నిప్పంటిస్తారు. నీలం మంట లేచింది. పైన మండుతోంది, లోపల గడ్డ కట్టి ఉంది. "ఇదెట్టా కుదిరిందిరా?" అని నాన్న చిన్నపిల్లాడిలా వంగి చూశాడు. నురగలోని గాలి వేడిని లోపలికి పోనివ్వదని చెప్పాను. ఇంజినీరింగ్ చదివినందుకు ఆయన దగ్గర పనికొచ్చిన మొదటి సందర్భం అదే అనుకుంటా.

తినడం అయ్యాక నాన్న చేతులు వాటంతట అవే కదిలాయి. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, చెంచాలు పైన పేర్చి, టేబుల్ అంచుకి జరిపాడు. అమ్మ "వదిలెయ్యండి" అని గుసగుసగా అంది. సర్వర్ వచ్చి చూశాడు. ప్లేట్లు పేర్చిన తీరు చూసి, ఒక్క క్షణం నాన్న చేతుల వంక చూశాడు.

నాకు ఫ్రెంచ్ అంతంతమాత్రం. అయినా నోరు తెరిచాను. ఈయన మా నాన్న, మీరు చేసే పనే 32 ఏళ్ళు చేశాడు, ఈరోజే మొదటిసారి కూర్చుని తింటున్నాడు అని చెప్పాను. వ్యాకరణం ఎన్నిచోట్ల తప్పిందో తెలీదు.

ఆయన ట్రే పక్కన పెట్టాడు. చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని ముందుకి చాపాడు. నాన్న లేచి పట్టుకున్నాడు. ఆయన తన మోకాలు చూపించి మొహం నొప్పిగా పెట్టాడు. నాన్న నవ్వి, ప్యాంటు కొంచెం పైకి లాగి, పిక్క మీద ఉబ్బిన నరాలు చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. భాషతో పని లేకపోయింది. అవతల ఎవరో పిలిస్తే ఆయన "మెర్సీ, మెస్యూ" అని నాన్నకి తల వంచి వెళ్ళిపోయాడు.

"ఏం చెప్పావురా ఆయనకి?" అన్నాడు నాన్న కూర్చుంటూ.

"నువ్వు మా నాన్నవని చెప్పా."

ఆయన నీళ్ళ గ్లాసు అందుకుని తాగాడు. ఏమీ అనలేదు.

ఫ్రాన్స్‌లో మనం అడిగేదాకా బిల్లు తేరు. తింటున్నవాళ్ళని లేవమన్నట్టు ఉంటుందని. మన దగ్గర సోంపు గిన్నెతో వచ్చి నిలబడటం అలవాటైన నాన్నకి ఇది భలే నచ్చింది. "లాడిసియోన్, సిల్ వు ప్లే" అని నేను అడిగి, బిల్లు వచ్చేలోపే నాన్న అన్నాడు, "తొంభై రెండు."

బిల్లు వచ్చింది. 92 యూరోలు. మెనూలో ఆయనకి ఒక్క అక్షరం తెలీదు. అంకెలు మాత్రం చూసి పెట్టుకున్నాడు.

"దాదాపు నా నెల జీతం" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. కానీ కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడంతే. టిప్పు అక్కర్లేదు, ధరలోనే ఉంటుందని చెప్తే ఒప్పుకోలేదు. "ఎవరు చెప్పారురా అక్కర్లేదని?" అంటూ మెట్రో చిల్లరకని నేనిచ్చిన నాణేల్లోంచి రెండు యూరోల బిళ్ళ తీసి, బిల్లు కాగితం కింద కనిపించీ కనిపించనట్టు పెట్టాడు. ఎలా పెడితే తీసుకునేవాడికి చిన్నతనం అనిపించదో ఆయనకి తెలుసు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ధరలు మారుతుంటాయి, బయట బోర్డు చూసి వెళ్ళండి. మధ్యాహ్నం పూట వెళ్ళండి, కుళాయి నీళ్ళు అడగండి, స్వీటు పంచుకోండి. భయపడకండి. ఆ షాండ్లియర్ల కింద కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది మన స్టేషన్ రోడ్డు హోటల్ లాంటిదే. అక్కడ వడ్డించేవాణ్ణి అయ్యగారూ అంటారు, అంతే తేడా.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో అమ్మ నిద్రపోయింది. ఒళ్ళో పులిహోర డబ్బా అలాగే ఉంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సొరంగంలో చూడటానికి ఏమీ లేదు, చీకటి తప్ప.

"ఆ రోజు మీ ఫ్రెండ్సుతో వచ్చావే, పెసరట్టు తిన్నారు" అన్నాడు ఉన్నట్టుండి.

నా నోట మాట రాలేదు.

"నీ ప్లేట్లో ఉప్మా కాస్త ఎక్కువ వేయించా మాస్టర్‌తో. జీడిపప్పు కూడా. చూసుకున్నావా?"

చూసుకోలేదు. ఆ రోజు నేను ప్లేటు వంక కూడా సరిగ్గా చూడలేదు.

"చూశా నాన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. స్టేషన్ వచ్చింది. అమ్మని లేపి ముగ్గురం దిగాం.